విజార్డ్ బలం తగ్గించే ముందు రోజుకి ఎన్ని పోరాటాలో లెక్కపెట్టండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే డైస్ వేసి ఆడే కథల ఆటని నడిపేవాళ్ళకి ఒక మాట. మంత్రాలేసే విజార్డ్ ముందు కత్తి పట్టే ఫైటర్ తేలిపోతున్నాడని రూల్స్ మార్చేయకండి, ముందు లాంగ్ రెస్ట్‌కీ లాంగ్ రెస్ట్‌కీ (ఖర్చయిన మంత్రాలన్నీ తిరిగొచ్చే రాత్రి నిద్ర) మధ్య ఎన్ని పోరాటాలు పెడుతున్నారో చూసుకోండి. 2014 రూల్స్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయనుకుని రాసినవి, మనలో చాలామందిమి ఒక్కటి పెట్టి పడుకోబెట్టేస్తాం.

ఐదో లెవెల్ విజార్డ్‌నే తీసుకోండి. మూడో స్థాయి స్లాట్లు (ఆ స్థాయి మంత్రం వేసే అవకాశాలు) రెండే, అంటే గుంపునంతా కాల్చే ఫైర్‌బాల్ మంత్రం రెండుసార్లు. రోజుకి ఒక్క పోరాటమే అయితే రెండూ అక్కడే పేల్చేస్తాడు, ఫైటర్ కత్తి దూసేలోపు పని అయిపోతుంది. అదే నాలుగు పోరాటాలుంటే మొదటి దాంట్లో వాడాలా వద్దా అని ఆలోచనలో పడతాడు. ఫైటర్‌కి మాత్రం గంట షార్ట్ రెస్ట్ దొరికితే చాలు, యాక్షన్ సర్జ్ (తన వంతులో ఇంకో చర్య), సెకండ్ విండ్ (కొంత ఆరోగ్యం కోలుకోవడం) రెండూ తిరిగొస్తాయి. వార్లాక్ అనే ఇంకో రకం మంత్రగాడికి ఇంకా మేలు, ఉన్న రెండు స్లాట్లూ మళ్ళీ నిండుతాయి కాబట్టి రెండు షార్ట్ రెస్టులిస్తే రోజుకి ఆరు మంత్రాలు.

మా టేబుల్ దగ్గర తెల్లారేలోపు బందీని విడిపించాలని గడువు పెట్టాను, ఎనిమిది గంటలు పడుకునే వీల్లేదు. మూడో గదికి వచ్చేసరికి విజార్డ్ ఆడే అమ్మాయి ఒక్క స్లాట్ మిగిలిందని చెప్పి ఫైటర్ వెనక్కి జరిగింది, అతను నిటారుగా కూర్చుని డైస్ చేతిలోకి తీసుకున్నాడు. అన్నీ కొట్లాటలే కానక్కర్లేదు, స్లాట్ ఖర్చయ్యే ఉచ్చు అయినా సరిపోతుంది.