బరంపురంలో సైకిల్ దారి: ముందు ఛక్‌లు (కూడళ్లు) లెక్కపెట్టండి, తర్వాతే కిలోమీటర్లు

దారి ఎంచుకునేటప్పుడు చాలామంది దూరమే చూస్తారు. గంటకు 14 కిలోమీటర్లు తొక్కేవాడికి ఒక కిలోమీటరు చుట్టు తిరిగితే అయ్యే ఆలస్యం నాలుగు నిమిషాల పైచిలుకు, అంతే. దెబ్బలు తగిలేది ఎక్కువగా ఛక్‌ల దగ్గర.

అందుకని ముందు మ్యాపు చూసి, ఇంటి నుంచి పని దాకా కుడికి తిరగాల్సిన చోట్లన్నీ కాగితం మీద రాసుకోండి. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఎడమ మలుపు తేలిక. కుడి మలుపుకి మాత్రం వెనక బస్సునీ, ఎదురు బైకునీ ఒకేసారి కనిపెట్టుకుంటూ రోడ్డు మధ్యకి జరగాలి. రద్దీ వేళ గిరిజా ఛక్‌లోనో టాటా బెంజ్ ఛక్‌లోనో అది అయ్యే పని కాదు. అలాంటి చోట తిన్నగా దాటేసి, అవతలి ఎడమ మూలన ఆగి, హ్యాండిల్ కుడికి తిప్పుకుని, ఆ రోడ్డు వాళ్లతో కలిసి కదలండి. దిగి నడిపించుకుపోయినా నామోషీ ఏమీ లేదు. వెళ్లేటప్పటి ఎడమ మలుపులు తిరిగొచ్చేటప్పుడు కుడి మలుపులవుతాయి. అందుకే రెండు దారులు వేరువేరుగా గీసుకోవాలి.

ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఫోన్ యాప్‌లో సైకిల్ దారి అడిగితే సందులు కూడా చూపిస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తర్వాత మీరు బయల్దేరే వేళకే గూగుల్ మ్యాప్స్‌లో ట్రాఫిక్ రంగులు చూడండి. ఎర్ర గీతకి బెదిరిపోనక్కర్లేదు, అక్కడ బండ్లన్నీ సైకిల్ వేగంతోనే పాకుతుంటాయి. 16వ నంబరు జాతీయ రహదారి పచ్చగా కనబడుతుంది. ఖాళీగా ఉందని కాదు, లారీలు ఆగకుండా దూసుకుపోతున్నాయని. దాన్ని దాటక తప్పకపోతే అండర్‌పాస్ దగ్గరే దాటండి.

ఆదివారం పొద్దున్నే ఒకసారి, పనిరోజున అసలు వేళకి ఒకసారి తొక్కి చూడాలి. చక్రం వెళ్లే దిశలోనే చీలికలున్న కాలువ జాలీలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, సన్న టైరు అందులో దిగిపోతుంది. రైలు పట్టాల్ని అడ్డంగా, తిన్నగా దాటాలి. ఏటవాలుగా పోతే పట్టా పక్క గాడిలో చక్రం ఇరుక్కుంటుంది, వానలో అయితే జారుతుంది కూడా. ఆగి ఉన్న కార్లకి మీటరు ఎడం ఇవ్వండి. ఆటోకి తలుపు లేకపోయినా దిగేవాడు వెనక్కి చూసి దిగడు. బస్సు గానీ లారీ గానీ ఎడమకి తిరిగేలా ఉంటే దాని ఎడమ పక్కకి దూరొద్దు, మీరు డ్రైవరుకి కనబడరు.

గోపాలపూర్ వైపు రోజూ వెళ్లేవాళ్లకి ఇంకో చిక్కుంది. సముద్రం ఆగ్నేయాన ఉంది కాబట్టి పొద్దున పోయేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ మొహానే కొడుతుంది. మీ వెనక డ్రైవరుకీ అంతే. పగలే అయినా వెనక ఎర్ర లైటు మిణుకుమనేలా పెట్టండి, వీలైతే అరగంట ముందు బయల్దేరండి. మధ్యాహ్నం అటు తొక్కితే సముద్రపు గాలి ఎదురు, పది నిమిషాలు అదనంగా వేసుకోండి.

వానల్లో నీళ్లు నిలిచిన రోడ్డు అంచున తొక్కొద్దు, మూత లేచిపోయిన కాలువలుండేది అక్కడే. నేల కనబడకపోతే దిగిపోండి. రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి యాత్ర జరిగినన్నాళ్లూ సాయంత్రం నుంచి దేశీబెహెరా వీధి చుట్టుపక్కల సందులు జనంతో నిండిపోతాయి. అటు మీదుగా పోయేవాళ్లు రెండో దారి ముందే తొక్కి చూసుకోవాలి.