కొత్త డిస్కు ఫార్మాట్ చేస్తున్నారా? ముందు ఐనోడ్ల లెక్క వేయండి

పోయిన వారం రాత్రి పదకొండింటికి, ఒక కాలేజీ సర్వర్ చూసుకునే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫలితాల సైట్ పడిపోయింది. డిస్కులో చోటు లేదంటోంది. చూస్తే 67 జీబీ ఖాళీగా ఉంది!" ఐనోడ్లు (డిస్కులో ఒక్కో ఫైలుకూ ఉండే రికార్డులు) ఎన్ని వాడారో చూపే డీఎఫ్ హైఫన్ ఐ కమాండ్ కొట్టమన్నాను. వాడకం 100 శాతం. ఐనోడ్ల లెక్క చూసుకోని ఈ తప్పు దగ్గర దెబ్బతిన్నవాళ్లను చూడటం నాకిది నాలుగోసారి.

లినక్స్ ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) అయిన ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. అవి ఎన్ని ఉండాలో ఫార్మాట్ రోజునే ఖాయమైపోతుంది. అయిపోతే అంతే: బస్సులో సీట్లున్నా కండక్టర్ దగ్గర టికెట్ల కట్ట ఖాళీ.

మనం ఏమీ చెప్పకపోతే 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున వేస్తుంది. 100 జీబీ డిస్కుకు సుమారు 65 లక్షలు. తమ్ముడి సర్వర్‌లో లాగిన్ అయిన ప్రతిసారీ ఒక సెషన్ ఫైలు పుడుతుంది. అందులో ఉండేది అర కేబీ కూడా కాదు, కానీ డిస్కు ఇచ్చే కనీస ముక్క, అంటే బ్లాకు, 4 కేబీ కాబట్టి అంతా పట్టేస్తుంది. 65 లక్షల ఫైళ్లు కలిపి 25 జీబీ. అక్కడితో ఐనోడ్లు సున్నా.

మరి మొదటే బోలెడన్ని వేసుకోవచ్చుగా? ఒక్కోటి 256 బైట్లు. 4 కేబీకి ఒకటి చొప్పున వేస్తే 100 జీబీలో 6 జీబీకి పైగా ముందే పోతుంది. సీసీటీవీ వీడియోల డిస్కుకు అది దండగ, సెషన్ ఫైళ్లకు ప్రాణం. అందుకే మీ ఫైళ్ల సైజు చూడాలి. పాత డిస్కులో వాడిన చోటుని వాడిన ఐనోడ్లతో భాగించండి. 16 కేబీ కంటే తక్కువ వస్తే, ఫార్మాట్ చేసే కమాండ్ ఎంకేఎఫ్‌ఎస్‌కి హైఫన్ ఐ ఇచ్చి ఆ అంకె చెప్పండి. ఫార్మాట్‌కి ముందు. తర్వాత కాదు.

"తర్వాత ట్యూన్ చేసుకుందాంలే" అనుకోకండి. సెట్టింగులు మార్చే ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్ ఐనోడ్ల సంఖ్యను పెంచదు. డిస్కు పెద్దది చేస్తే పెరుగుతాయి, అదీ పాత నిష్పత్తిలోనే.

ఎక్కడో చూసిన లార్జ్‌ఫైల్4 ఆప్షన్ ఉన్న ఫార్మాట్ కమాండ్ కాపీ కొట్టకండి. అది 4 ఎంబీకి ఒక ఐనోడ్ ఇస్తుంది, 100 జీబీకి పాతిక వేల చిల్లర.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అవసరాన్ని బట్టి ఐనోడ్లు పుట్టించుకుంటుంది. కానీ తర్వాత డిస్కు చిన్నది చేయాలంటే దాదాపు కుదరదని గుర్తుంచుకోండి.

ఐనోడ్లు అయిపోయాక 20 జీబీ లాగ్ ఫైలు చెరిపి సంబరపడకండి. దక్కేది ఒక్క ఐనోడ్.

లక్షల ఫైళ్ల ఫోల్డర్‌లో ఉత్త ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టకండి, అన్నిటినీ వరసలో పెట్టేదాకా కదలదు. చెరపడానికి ఆర్‌ఎం స్టార్ కమాండ్ వద్దు, అన్ని పేర్లు ఒకేసారి దానికి పట్టవు; ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌తో చెరపండి. ఫోల్డర్ పేరు రెండుసార్లు చదివాకే.

మానిటరింగ్‌లో జీబీలు మాత్రమే చూస్తున్నారా? ఐనోడ్లకూ అలారం పెట్టండి, 80 శాతానికి.

ఇంకోసారి చెబుతున్నా: ఫార్మాట్‌కి ముందే లెక్క. అయ్యాక ఒక్క ఫైలు కూడా ఎక్కించకుండా డీఎఫ్ హైఫన్ ఐ కొట్టి చూడండి. అంకె తేడాగా ఉంటే అప్పుడే మళ్లీ ఫార్మాట్ చేయండి, ఖాళీ డిస్కు కాబట్టి రెండు నిమిషాల పని. తమ్ముడికి తెల్లారి నాలుగైంది.