కారులో అడాస్ సబ్‌స్క్రిప్షన్ ఆన్ చేసుకోవాలంటే ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

ఈ మధ్య వైజాగ్‌లో ఎలక్ట్రిక్ కారు తీసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "యాప్‌లో డ్రైవర్ అసిస్ట్ ప్యాక్ అని కనిపిస్తోంది, కట్టేస్తే వెంటనే పనిచేస్తుందా?" అని. ఆ ప్యాక్‌లో ఉండేదే అడాస్, అంటే ముందు వెళ్లే బండికి దూరం పాటించడం, లేన్ దాటకుండా చూడటం లాంటి పనుల్లో డ్రైవర్‌కి సాయం చేసే ఏర్పాటు. అన్నీ సరిగ్గా ఉంటే పనిచేస్తుంది. కానీ డబ్బు కట్టడం అన్నిటికంటే చివర చేయాల్సిన పని, దాన్నే అందరూ మొదట చేసేస్తున్నారు.

సబ్‌స్క్రిప్షన్ కొంటే కారులోకి కొత్త పరికరమేదీ రాదు. కంపెనీ ముందే బిగించిన కెమెరాలు, రాడార్లతో పని చేయించే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, అంతే. అందుకని మీ బండిలో అవి ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. ముందద్దం పైన, లోపలి రియర్ వ్యూ మిర్రర్ వెనక కెమెరా ఉండాలి. చాలా కార్లలో ముందు బంపర్ మధ్యలో నున్నటి నల్ల పలకలాంటిది ఒకటి ఉంటుంది, దాని వెనకే రాడార్. టెస్లా లాంటి కొన్ని రాడార్ లేకుండా కెమెరాలతోనే నడుస్తాయి. కంటికి కనిపించింది కదా అని ఆగిపోకుండా, ఆర్సీలో ఉన్న షాసీ నంబర్ ఇచ్చి "ఈ నంబర్ బండికి ఈ ప్యాక్ వర్తిస్తుందా?" అని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. షోరూమ్‌లో నోటిమాటగా "వస్తుంది సార్" అంటే సరిపోదు.

ఇంకో సంగతి. మన దేశంలో చాలా కంపెనీలు అడాస్‌ని వేరియంట్‌తో కలిపే అమ్ముతున్నాయి. హారియర్ ఈవీ, క్రెటా ఎలక్ట్రిక్, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటివాటిలో పై వేరియంట్ తీసుకుంటే అది కారు ధరలోనే వచ్చేస్తుంది. ఫ్రీ కాలం అయిపోయాక డబ్బు కట్టి రెన్యూ చేసుకోవాల్సింది మామూలుగా కనెక్టెడ్ సర్వీసులు, అంటే ఫోన్ నుంచి ఏసీ వేయడం, బండి ఎక్కడుందో చూడటం లాంటివి. ఈ రెండూ వేరు. రెన్యూవల్ మెసేజ్ వచ్చిందంటే అడాస్ ఆగిపోతుందేమోనని టెన్షన్ పడి కట్టేవాళ్లున్నారు, ముందు అది దేనికి అడుగుతున్నారో చదవండి. టెస్లా 2025 జులైలో ఇక్కడ మోడల్ వై తెచ్చినప్పుడు ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్‌కి విడిగా 6 లక్షలు ధర పెట్టింది. పేరు అలా ఉన్నా, డ్రైవర్ దృష్టి రోడ్డు మీదే ఉండాలని కంపెనీయే చెబుతోంది.

బండి సరేననుకున్నాక అకౌంట్ చూడండి. యాప్‌లో కారు మీ పేరు మీదే, ప్రైమరీ యూజర్‌గా ఉండాలి. సెకండ్ హ్యాండ్ తీసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు, ఎందుకంటే పాత ఓనరు తన అకౌంట్ నుంచి బండిని తీసేయకపోతే మీరు కట్టిన ప్యాక్ మీ కారుకి చేరే దారి ఉండదు. ముందు ఆయన చేత తీయించండి, తర్వాత స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, కొత్తగా మీ నంబర్‌తో జోడించుకోండి.

తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. పెండింగ్‌లో ఏదైనా ఉంటే ప్యాక్ కొనక ముందే అది పూర్తి చేయండి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టి అప్‌డేట్ రావట్లేదంటే తప్పు బండిది కాకపోవచ్చు, కిందకి సిగ్నలే దిగదు. కారులోని ఈ-సిమ్ కూడా మన ఫోన్ లాంటిదే, దానికీ టవర్ అందాలి. పైకి తెచ్చి ఆకాశం కనిపించేచోట పెట్టండి, వైఫైకి అవకాశం ఉంటే హాట్‌స్పాట్ ఇవ్వండి. బ్యాటరీలో సరిపడా చార్జింగ్ ఉంచండి. ఇన్‌స్టాల్ అవుతున్నంతసేపూ బండి కదలకూడదు, కాబట్టి రాత్రి పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు కట్టొచ్చు. ధరలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో చూసుకోండి. ఫ్రీ ట్రయల్ అయితే అది ముగిసిన రోజు తనంతట తానే నెలవారీకి మారుతుందా అన్నది షరతుల చిన్న అక్షరాల్లో ఉంటుంది, బద్ధకించకుండా చదవండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. ఇలాంటి ప్యాక్ మొత్తం 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. అంటే ఏడాది ప్లాన్ పెద్ద మొత్తమైతే రెన్యూవల్ రోజు ఓటీపీ ఇవ్వకపోతే ప్యాక్ ఆగుతుంది. నా మాట వింటే మొదట ఒక్క నెలకే తీసుకోండి. ఆ నెలలో మీరు హైవే ఎక్కేది ఎంతో తెలిసిపోతుంది. ఇంటి నుంచి సిరిపురం, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి తిరిగేవాళ్లకి ఏడాది ప్లాన్ దండగ.

కట్టాక కూడా ఫీచర్లు వాటంతట అవి రావు. బండి లాక్ చేసి కాసేపు వదిలేయండి, మళ్లీ తెరిస్తే స్క్రీన్‌లో కొత్త మెనూ కనిపించాలి. కనిపించకపోతే స్క్రీన్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ లేకపోతే పేమెంట్ రసీదు, షాసీ నంబర్ కలిపి మెయిల్ పెట్టండి. అంతేగానీ రెండోసారి కట్టకండి. మెనూ వచ్చాక బండి పార్క్ గేర్‌లో ఉండగా అడాప్టివ్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగం మార్చుకునేది), లేన్ కీప్ అసిస్ట్ (బండిని గీతల మధ్య ఉంచేది) లాంటివి ఒక్కొక్కటిగా ఆన్ చేసి, ముందు వెళ్లే బండికి ఉంచే దూరం ఎక్కువలో పెట్టండి. డ్రైవర్ ప్రొఫైళ్లు వేరువేరుగా ఉంటే మీ ఆవిడ ప్రొఫైల్‌లో, మీ అబ్బాయి ప్రొఫైల్‌లో ఏది ఆన్‌లో ఉందో కూడా చూడండి.

కొన్ని కార్లలో కెమెరా తనను తాను సర్దుకోవడానికి కొంత దూరం నడపాలి. టెస్లా మాన్యువల్ దీన్ని 32 నుంచి 40 కిలోమీటర్లని చెబుతుంది. గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు కావాలి కాబట్టి ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లేన్ల హైవే సరిపోతుంది. ఉదయం పూట వెళ్లండి. జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు దీన్ని అసలు ప్రయత్నించొద్దు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకుని, పక్కనుంచి దూరే ఆటోని, రోడ్డు మధ్యలో పడుకున్న ఆవుని అడాస్ ప్రతిసారీ గుర్తిస్తుందని నమ్మడానికి లేదు. ఆర్కే బీచ్ రోడ్డులో సాయంత్రం జనం ఎప్పుడు ఎటు దాటతారో మనకే తెలీదు, కారుకేం తెలుస్తుంది. అరకు ఘాట్‌లోనూ ఆఫ్‌లోనే ఉంచండి. మలుపుల్లో ముందు బండి కనిపించకుండా పోతే క్రూజ్ మళ్లీ వేగం పెంచొచ్చు, అదీగాక ఫుల్ చార్జింగ్‌తో దిగితే రీజెన్ బ్రేకింగ్, అంటే పెడల్ వదిలితే మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీ నింపడం, సరిగ్గా అందదు.

అమెరికాలో ఫోర్డ్ బ్లూక్రూజ్, జీఎం సూపర్ క్రూజ్‌లతో చేతులు వదిలేసి నడిపే వీడియోలు చూసి ఇక్కడ అదే చేయాలనుకోకండి. అవి అక్కడ ముందే మ్యాప్ చేసిన హైవేల మీద మాత్రమే అలా నడుస్తాయి. మనకి దొరికేది లెవల్ 2, అంటే చేతులు స్టీరింగ్ మీదే, కళ్లు రోడ్డు మీదే, ఏం జరిగినా బాధ్యత మనదే. ఇంట్లోవాళ్లు ఎవరు ఆ బండి తీసినా ఈ మాట వాళ్లకి చెప్పి తాళం ఇవ్వండి.

సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఒక పని ఎక్కువ. ముందద్దం మీద ఉప్పు పొర పేరుకుంటుంది, పోర్టు వైపు ఉంటే బొగ్గు దుమ్ము కూడా. కెమెరా ఎదురుగా ఉన్న అద్దాన్నీ, బంపర్ మీది రాడార్ పలకనీ తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. సెన్సర్ బ్లాక్ అయిందని స్క్రీన్ చెబితే ముందు చేయాల్సింది ఇదే. అద్దం మార్పిస్తే మాత్రం కెమెరా కాలిబ్రేషన్, అంటే దాన్ని మళ్లీ సరిగ్గా సర్దడం, చేయించామని బిల్లులో రాయించుకోండి.

వద్దనుకుంటే యాప్‌లో క్యాన్సిల్ కొట్టి ఊరుకోకండి. యూపీఐ యాప్‌లోనో బ్యాంక్ యాప్‌లోనో ఉన్న ఆటోపే మ్యాండేట్, అంటే ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోమని మీరిచ్చిన అనుమతి, కూడా రద్దు చేయండి. బండి అమ్మేటప్పుడు మ్యాండేట్ ఆపి, అకౌంట్ నుంచి కారు తీసేసి, ఆ తర్వాతే తాళాలు చేతిలో పెట్టండి.