అమెరికా వాల్వు యాంప్ విజయవాడకు తెచ్చుకుంటే వెంటనే ప్లగ్ పెట్టకండి

నా మొదటి ఫెండర్ ఛాంప్ (ఫెండర్ కంపెనీ చేసిన చిన్న గిటార్ యాంప్) వచ్చిన రోజు ఆగలేక అడాప్టర్ తగిలించి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. ఫ్యూజు ఉండాల్సిన చోట పాత యజమాని ఎవరో రేకు చుట్టి వదిలేశారు, నేను చూసుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ బాధ మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఏది కొనాలో చెప్తాను. మొదటిసారి అయితే చిన్నదే తీసుకోండి. 1950ల చివరి ఛాంప్‌లో ఒక 12ఏఎక్స్7, ఒక 6వి6, ఒక 5వై3 అనే మూడు ట్యూబులు, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్, అంతే. సుమారు 5 వాట్లు. ట్యూబ్ అంటే మన పాత రేడియోల్లోని వాల్వే కాబట్టి, అలాంటి రేడియోలు బాగుచేసిన పెద్ద వయసు మెకానిక్ ఎవరైనా దొరికితే ఈ సర్క్యూట్ చూడగానే అర్థం చేసుకుంటారు. 1968 తర్వాత వచ్చిన సిల్వర్‌ఫేస్ (వెండి రంగు ప్యానెల్ ఉన్న) ఛాంప్ తక్కువ ధరకి వస్తుంది, నేనైతే దాన్నే తీసుకోమంటాను. స్పీకర్ వెనక నంబరు ఫొటో అడగండి: 220తో మొదలైతే జెన్సెన్ కంపెనీ స్పీకర్, 465 అయితే ఆక్స్‌ఫర్డ్ కంపెనీది, చివరి రెండంకెలు తయారైన వారం, వాటి ముందున్నది సంవత్సరం. అసలు పవర్ ట్రాన్స్‌ఫార్మరే లేని చవక యాంప్‌లు కూడా ఆ రోజుల్లో వచ్చాయి, వాటిలో ఇంటి కరెంటు నేరుగా లోపలి సర్క్యూట్‌కి వెళ్తుంది. ఎంత ముచ్చటగా ఉన్నా అవి వద్దు.

ఇక కరెంటు. ఆ యాంప్‌లు 110 నుంచి 117 వోల్టులకు చేసినవి, మనది 230, కాబట్టి వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. షాపులో ‘ఐసోలేషన్ టైపు, 110 వోల్టులది’ అని గట్టిగా అడగండి, అంటే ఇంటి లైనుతో యాంప్‌కి నేరుగా కలయిక లేనిది. ఆ విడదీత లేని ఆటో ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో పెడితే తీసుకోవద్దు. ఛాంప్‌కి 200 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు) చాలు. 117 కాకుండా 110 ఎందుకంటే, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, అందువల్ల వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ మరింత వేడెక్కుతుంది. వోల్టేజి కాస్త తగ్గిస్తే ఆ భారం తగ్గుతుంది, వాల్వు హీటర్లకి కావాల్సిన 6.3 వోల్టులకి మరీ దూరం కూడా పోదు. అయినా రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో గంటల తరబడి ఆన్‌లో ఉంచకండి.

పాత రెండు పిన్నుల వైరు తీసేయించి మూడు పిన్నులది వేయించండి. అప్పటి చాలా యాంప్‌లలో కరెంటు లైనుకీ ఛాసిస్‌కీ (లోపలి లోహపు చట్రానికీ) మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, అది పాడైతే షాక్ గిటార్ తీగల మీదుగా మీ చేతికే వస్తుంది, అది కూడా తీసేయించాలి. స్టెప్‌డౌన్‌కి మూడో పిన్ను లేకపోతే ఎర్త్ విడిగా లాగించండి. అసలు మీ ఇంట్లో ఎర్త్ పనిచేస్తోందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోండి.

లోపల చేయి పెట్టే పని తెలిసినవాళ్లకే వదలండి. ప్లగ్ తీసేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. అవి పాతవైతే మార్పించాల్సిందే, ఇక్కడ డబ్బు చూసుకోవద్దు. ఆ తర్వాత మొదటిసారి ఆన్ చేసేది మాత్రం సిరీస్ బోర్డు (యాంప్‌కి వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లే బోర్డు) మీదే, అదీ పాతరకం ఫిలమెంట్ బల్బుతోనే, ఎల్ఈడీ పనికిరాదు. వాల్వులన్నీ తీసి ఆన్ చేస్తే బల్బు దాదాపు వెలగకూడదు. వాల్వులు పెట్టాక కాసేపు వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. స్పీకర్ వైరు ఊడి ఉండగా మాత్రం ఎప్పుడూ వాయించొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

వాయించడం దగ్గర ఒక్క అలవాటు మార్చుకోవాలి. యాంప్ వాల్యూమ్ బాగా పెంచి, గిటార్ మీది నాబ్ సగానికి తగ్గించి మొదలుపెట్టండి. శబ్దం శుభ్రంగా ఉంటుంది, గట్టిగా మీటితే అంచుల్లో గరగర మొదలవుతుంది, నాబ్ పూర్తిగా తిప్పితే 6వి6 పాడటం మొదలుపెడుతుంది. పెడల్ ఏదీ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో 5 వాట్లు కూడా ఎక్కువే కాబట్టి సాయంత్రాలే వాయించుకోండి. చర్చిలో వాయించేవాళ్లు పెద్ద యాంప్ కోసం వెతక్కుండా దీని స్పీకర్ ముందు ఒక మైకు పెట్టి మిక్సర్‌కి ఇస్తే హాలంతా వినబడుతుంది.