అమెరికా నగరంలో కాలేజీ ఎంచుకుంటున్నారా? ముందు గది చిరునామా చూడండి

2025 అక్టోబరులో డాలస్ ప్రాంతంలోని ఒక పెట్రోలు బంకులో రాత్రి పూట పని చేస్తున్న హైదరాబాదు యువకుడిని కాల్చి చంపారు. 2024 నవంబరులో షికాగోలో మరో బంకులో ఖమ్మం జిల్లా విద్యార్థి ఇలాగే ప్రాణాలు కోల్పోయాడు. 2023 జనవరిలో షికాగో దక్షిణ ప్రాంతంలో, అమెరికాలో దిగి రెండు వారాలైనా నిండని మన విద్యార్థులపై ఒక పార్కింగ్ స్థలంలో దోపిడీ దొంగలు కాల్పులు జరిపితే ఒకరు మరణించారు. 2018 జులైలో కాన్సస్ సిటీలో వరంగల్ యువకుడు తాను పని చేసే రెస్టారెంటులోనే దోపిడీకి బలయ్యాడు. ఈ నాలుగు ఘటనల్లో ఒక్కటి కూడా క్యాంపస్ లోపల జరగలేదు. అయినా ఆగస్టు సెమిస్టరుకు పిల్లలను పంపబోతున్న తల్లిదండ్రులు ఇప్పటికీ ‘ఆ క్యాంపస్ సేఫేనా?’ అనే అడుగుతున్నారు.

సర్టిఫికెట్ల నకళ్లు, బీమా, చలికోట్ల వంటి సంగతులు కన్సల్టెన్సీలే చెబుతాయి కనుక వాటి జోలికి పోను. కుటుంబాలను నిలువునా కూల్చుతున్న తప్పు ఒక్కటే. కాలేజీని ర్యాంకు చూసి, గదిని అద్దె చూసి, ఒకదానితో మరొకదానికి సంబంధం లేనట్టు ఎంచుకుంటున్నారు. విద్యార్థి గేటు లోపల గడిపేది రోజుకు కొన్ని గంటలే. మిగిలిన సమయమంతా గదిలో, బస్టాపులో, పని చేసే చోట గడుస్తుంది. గది ఎక్కడో తెలియకుండా ఆ కాలేజీ సురక్షితమో కాదో తేల్చడం సాధ్యం కాదు.

ముందుగా కాగితాల మీద చూడవలసినవి చెబుతాను. 1986లో లీహై విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఒక విద్యార్థిని హత్యకు గురైన తరువాత, ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో క్లెరీ చట్టం వచ్చింది. దాని ప్రకారం విశ్వవిద్యాలయాలు ఏటా అక్టోబరు 1లోగా గత మూడు సంవత్సరాల నేరాల లెక్కలతో భద్రతా నివేదికను ప్రచురించాలి. ఈ నివేదికను తప్పక చదవండి, కానీ దాని హద్దు తెలుసుకుని చదవండి. క్యాంపస్, విశ్వవిద్యాలయానికి చెందిన భవనాలు, క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న వీధులు మాత్రమే ఆ లెక్కలోకి వస్తాయి. రెండు వీధుల అవతల మీ అబ్బాయి నలుగురితో కలిసి ఉండబోయే ప్రైవేటు అపార్ట్‌మెంటులో దొంగతనం జరిగినా, దాడి జరిగినా ఆ అంకెల్లో కనిపించదు. లైంగిక దాడుల ఫిర్యాదులు సున్నా అని కనిపిస్తే సంతోషించకండి. వేల మంది చదివే చోట సున్నా కనిపించిందంటే, అక్కడ ఫిర్యాదు చేయడానికి విద్యార్థినులు జంకుతున్నారేమోనని అనుమానించాలి.

నివేదిక కంటే ఉపయోగపడేది, మనవాళ్లు దాదాపు ఎవరూ అడగనిది, క్యాంపస్ పోలీసుల రోజువారీ నేరాల చిట్టా. గత అరవై రోజుల చిట్టాను అడిగిన వారికెవరికైనా చూపించాలని చట్టమే చెబుతోంది. పోలీసు గస్తీ తిరిగే ప్రాంతమంతటి నేరాలూ అందులో ఉంటాయి. ఆ గస్తీ హద్దు ఎక్కడితో ఆగుతుందో కూడా అడిగి తెలుసుకోండి. షికాగో విశ్వవిద్యాలయ పోలీసులు 37వ వీధి నుంచి 64వ వీధి దాకా తిరుగుతారు; ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పోలీసుల గస్తీ 43వ వీధితో ముగుస్తుంది. ఆ హద్దుకు అవతల అద్దె తగ్గుతుంది, విద్యార్థులు అక్కడికే వెళతారు. అందుకే మళ్లీ చెబుతున్నాను: గది చిరునామాను ఆ గస్తీ హద్దుల పటం మీద గుర్తించిన తరువాతే కాలేజీ గురించి నిర్ణయించుకోండి. నగర పోలీసుల లెక్కలూ చూడండి. షికాగో నగరం 2001 నుంచి నమోదైన నేరాల వివరాలను బ్లాకుల వారీగా అందరికీ అందుబాటులో ఉంచింది.

తరువాత చూడవలసినది చీకటి. ఆగస్టులో గది చూసే వారికి రాత్రి ఏడున్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో షికాగోలో సాయంత్రం నాలుగున్నరలోపే సూర్యాస్తమయం అవుతుంది, ఎంఎస్ తరగతులు చాలా చోట్ల రాత్రి తొమ్మిది దాకా నడుస్తాయి. విశ్వవిద్యాలయం రాత్రి పూట నడిపే ఉచిత వాహనం ఎన్ని గంటలకు ఆగిపోతుందో, మీ గది ఉన్న వీధి దాకా వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగండి.

ఇక పని. ఎఫ్–1 (విద్యార్థి) వీసా మీద చదివేవారు తరగతులు నడిచే కాలంలో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల వరకు పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట పని చేయకూడదు. అయినా గది అద్దె కోసం బంకుల్లో, దుకాణాల్లో నగదు కూలికి రాత్రి డ్యూటీలకు ఒప్పుకునే పిల్లలు ఉన్నారు. తుపాకీ చూపించి బెదిరించినా, వీసా పోతుందన్న భయంతో వారు పోలీసులకు ఫోను చేయరు. అద్దె, తిండి ఖర్చు ఇంటి నుంచి పంపగలమో లేదో లెక్క వేసుకోకుండా ఖరీదైన నగరానికి పంపడం ఆ పిల్లవాడిని మీ చేతులతోనే ఆ కౌంటరు వెనుక నిలబెట్టడమే.

వాట్సాప్ గ్రూపులో ఫొటోలు చూసి అడ్వాన్సు పంపకండి. అక్కడే చదువుతున్న సీనియరును రాత్రి వేళ ఆ వీధిలోకి వెళ్లి చూసి రమ్మనండి, ఒంటరిగా మాత్రం పంపకండి. మొదటి సెమిస్టరు విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉంచండి, ఖర్చు ఎక్కువైనా సరే. చూడని ఇంటికి పన్నెండు నెలల లీజు మీద సంతకం చేయించకండి. కింది తలుపుకు తాళం పడని భవనం వద్దు. కిటికీకి గడియ లేని కింది అంతస్తు గది వద్దు. అత్యవసర నంబరు 911కు ఫోను చేయడానికి వీసాతో సంబంధం లేదని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. ఎవరైనా ఆయుధం చూపిస్తే ఫోను, పర్సు, కారు తాళాలు ఇచ్చేయాలి, వాదించకూడదు, వెంటపడకూడదు. గది చిరునామా ఖరారు కాకుండా విమానం ఎక్కించకండి.

ఇదంతా సీటు డిపాజిట్టు కట్టకముందే తేల్చుకోండి. ఐ–20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) వచ్చి వీసా ముద్ర పడిన తరువాత కాలేజీ మార్చడం చాలా కష్టం, డిపాజిట్టు సాధారణంగా తిరిగి రాదు, అప్పటికే అప్పు చేసిన కుటుంబం ఆ డబ్బు పోతుందన్న భయంతో ప్రమాదమని తెలిసిన వీధికే పిల్లవాడిని పంపుతుంది.