శ్రావణ ముహూర్తాలకు ముందే హార్డ్‌డిస్కుల లెక్క తేల్చుకోండి

ఆషాఢంలో మన స్టూడియోలకు కాస్త తీరిక దొరుకుతుంది. కెమెరాలు సర్వీసుకు పంపుతాం, లైట్ల స్టాండ్లు బిగిస్తాం, డ్రోన్ బ్యాటరీలు ఉబ్బాయేమో చూసుకుంటాం. బ్యాకప్ డిస్కులో ఎంత చోటు మిగిలిందో మాత్రం ఎవరూ చూడరు. శ్రావణం వచ్చాక ఒకే వారంలో మూడు పెళ్లిళ్లు మీద పడతాయి, అప్పుడిక చూడటానికి టైమ్ ఉండదు. పెళ్లి ఫొటోగ్రఫీ చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ నెలలో ఒక్క రోజు ఈ పనికి కేటాయించాలని అడుగుతున్నాను.

మా స్టూడియోలో జరిగింది చెబుతాను. ఎడిటింగ్ డిస్కులో ఉన్నదంతా రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ డిస్కులోకి వెళ్లేలా పెట్టుకున్నాం. సీజన్ మధ్యలో బ్యాకప్ డిస్కు నిండిపోయింది. ఆ రాత్రి నుంచి బ్యాకప్ ఆగింది. స్క్రీన్ మూలన చిన్న ఎర్ర గుర్తు వస్తూనే ఉంది, పని ఒత్తిడిలో ఎవరూ పట్టించుకోలేదు. వారం తర్వాత నేను వేరే ఊళ్లో ముహూర్తం షూట్‌లో ఉండగా ఎడిటర్ ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త పెళ్లి డంప్ చేయడానికి డిస్కులో చోటు లేదు. పోయిన ఆదివారం పెళ్లి బ్యాకప్‌లో ఉంది కదా, ఇక్కడ తీసేయనా?" అన్నాడు. మండపంలో మేళం మోగుతోంది. "తీసేయ్" అన్నాను. బ్యాకప్‌లో ఆ పెళ్లి ఫోల్డరే లేదు. కెమెరా మెమరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి మళ్లీ వాడేశాం. తీసేసిన చోట్లోనే కొత్త పెళ్లి డంప్ అయింది కాబట్టి, రికవరీకి ఇస్తే సగం ఫొటోలు, కొన్ని వీడియో ముక్కలు వచ్చాయి. అప్పగింతలు పూర్తిగా పోయాయి. ఆ అమ్మాయి నాన్నగారు అడిగింది ఆ ఒక్క క్లిప్పే.

మా డిస్కు చెడిపోలేదు, వైరస్ రాలేదు. చోటు చాలక హడావిడిలో చేసిన డిలీట్ వల్ల పోయింది. అందుకే చోటు చూసుకోవడం అంటే నాకు డబ్బు లెక్క కాదు, ఆ డిలీట్ చేయాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవడం.

ముందు కాగితం మీద లెక్క వేయండి. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ట్రెడిషనల్, క్యాండిడ్ కెమెరాలు రెండూ కలిపి 12 గంటల ఫుటేజీ వచ్చిందంటే 540 జీబీ. రా ఫొటో (కెమెరా తీసిన అసలు ఫైల్) ఒక్కోటి 30 ఎంబీ అనుకుంటే మూడు వేల ఫొటోలకు 90 జీబీ. వెరసి పెళ్లికి 630 జీబీ. డ్రోన్, సంగీత్, రిసెప్షన్ వేరు. 2 టీబీ డిస్కులో ఇలాంటి పెళ్లిళ్లు మూడు పెడితే మిగిలేది 110 జీబీ. ప్రాక్సీలు (ఎడిటింగ్ సాఫీగా సాగడానికి చేసుకునే చిన్న సైజు వీడియో కాపీలు), రెండర్లు (ఎడిట్ చేశాక తయారయ్యే వీడియోలు) దాన్ని రెండు రోజుల్లో మింగేస్తాయి. సీజన్‌కు 12 పెళ్లిళ్లు ఒప్పుకుంటే ఒక్క కాపీకే 7.5 టీబీ దాటుతుంది, రెండు కాపీలకు 15 టీబీ. మీ కెమెరా సెట్టింగులతో మీ అంకె మీరు వేసుకోండి, దాని మీద ఐదో వంతు అదనంగా కలపండి. అడ్వాన్సు తీసుకునేటప్పుడే డిస్కు ఖర్చు ప్యాకేజీలో కలుపుకుంటే తర్వాత చేతి నుంచి పెట్టుకోవాల్సిన పని ఉండదు.

లెక్క తేలాక ఉన్న డిస్కుల్ని ఖాళీ చేయడం. ఇక్కడ తొందర వద్దు. మళ్లీ తయారు చేసుకోగలిగినవి ముందు తీయాలి. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ప్రీమియర్ ప్రో దాచుకునే తాత్కాలిక ఫైళ్లు, అంటే మీడియా క్యాష్, మామూలుగా సీ డ్రైవ్‌లోనే పేరుకుంటుంది, చాలామంది దాని వైపు చూడనే చూడరు. దాన్ని ప్రోగ్రామ్ ప్రిఫరెన్సుల్లోంచే తుడవండి. డావిన్చీ రిజాల్వ్‌లో ఎడిట్ చేసేవాళ్లు దాని రెండర్ క్యాష్‌ను కూడా ఆ ప్రోగ్రామ్ లోపలి నుంచే తుడవండి. ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్‌లోని ప్రివ్యూలు పోయినా మళ్లీ తయారవుతాయి. లైట్‌రూమ్ క్లాసిక్ తీసే క్యాటలాగ్ (ఫొటోల జాబితా, వాటికి చేసిన మార్పులు ఉండే ఫైల్) బ్యాకప్‌లు వాటంతట అవి పోవు, ఏళ్ల తరబడి గుట్టగా పడి ఉంటాయి. చివరి నాలుగైదు ఉంచి పాతవి తీసేయొచ్చు. క్యాష్‌లను, ప్రివ్యూలను బ్యాకప్ జాబితాలోంచి కూడా తప్పించండి, లేకపోతే అనవసరంగా రెండో డిస్కు కూడా నిండుతుంది. ఒరిజినల్ ఫుటేజీ, రా ఫైళ్లు, క్యాటలాగ్, ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్రాజెక్ట్ ఫైల్ సైజు చిన్నదే గానీ అందులో మీ ఎడిటర్ పది రాత్రుల కష్టం ఉంటుంది.

డిలీట్ చేసినా చోటు పెరగలేదంటే రీసైకిల్ బిన్ చూడండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో తీసేసినవి ఆ డిస్కులోనే దాగిన బిన్ ఫోల్డర్‌లో ఉంటాయి, బిన్ ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. చేసే ముందు అందులో ఏముందో ఒకసారి తెరిచి చూడండి.

విండోస్‌లోనే వచ్చే బ్యాకప్ సదుపాయం ఫైల్ హిస్టరీ వాడేవాళ్లకు ఇంకో మాట. అది పాత వెర్షన్లను ఎప్పటికీ ఉంచేలా సెట్ అయి వస్తుంది. ప్రాజెక్ట్ ఫైల్ మారుతున్న కొద్దీ కొత్త కాపీలు చేరుతూ డిస్కు నిండుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆ గడువును కొన్ని నెలలకు మార్చుకోవచ్చు. అంతేగానీ చోటు కోసమని వేరే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో ఉండే మిర్రర్ మోడ్ ఆన్ చేయకండి. మిర్రర్ అంటే ఇక్కడ తీసేసింది అక్కడా తీసేయడమే. పొరపాటున ఒక ఫోల్డర్ పోతే ఆ రాత్రికే రెండో కాపీ కూడా పోతుంది.

కొన్నిసార్లు బ్యాకప్ డిస్కులో టీబీలకు టీబీలు ఖాళీ ఉన్నా "చోటు చాలదు" అంటూ ఫెయిల్ అవుతుంది. దీనికి కొత్త డిస్కు కొన్నవాళ్లు నాకు తెలుసు, అదేం తీర్చలేదు. విండోస్ సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా మొత్తం బ్యాకప్) తీసేటప్పుడు ప్రతి పార్టిషన్‌కూ (డిస్కులోని ఒక్కో విభాగానికీ) షాడో కాపీ అనే తాత్కాలిక నకలు సృష్టిస్తుంది. దానికి చోటు బ్యాకప్ డిస్కులోనే కాదు, బ్యాకప్ తీస్తున్న ప్రతి పార్టిషన్‌లోనూ కావాలి. కంటికి కనిపించని సిస్టమ్ రిజర్వ్‌డ్, రికవరీ పార్టిషన్లు కూడా అందులో లెక్కే. పార్టిషన్ 500 ఎంబీ కంటే చిన్నదైతే కనీసం 50 ఎంబీ, అంతకంటే పెద్దదైతే కనీసం 320 ఎంబీ ఖాళీ ఉండాలి. ఎర్రర్ కోడ్ చివర 80780119 కనిపిస్తే సమస్య ఇదే. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ చిన్న పార్టిషన్ల ఖాళీ చూడండి. వాటి సైజు మార్చడం తెలిసినవాళ్ల చేత చేయించండి, అదీ ఫుటేజీ రెండో చోట భద్రంగా ఉన్నాకే. సీ డ్రైవ్ కిటకిటలాడుతుంటే మామూలు ఫైళ్ల బ్యాకప్ కూడా ఇలాగే ఆగిపోవచ్చు.

పాత పెన్‌డ్రైవ్‌లు, పాత డిస్కులు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు, డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా సరే. పెళ్లి వీడియో క్లిప్పులు సులువుగా ఆ సైజు దాటుతాయి. అందులో ఉన్నవి వేరే చోటికి మార్చి ఎక్స్‌ఫ్యాట్‌లోకో ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకో ఫార్మాట్ చేసుకోండి.

క్లౌడ్‌లో పెడితే పోదా అని అడుగుతారు. సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్ ఒక్క క్షణం తగ్గకుండా వచ్చినా 630 జీబీ ఎక్కడానికి 28 గంటలు పడుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులో మీ మెయిళ్లు కూడా ఉంటాయి. ప్రాజెక్ట్ ఫైళ్లు, క్యాటలాగ్, ఆల్బమ్‌కు ఎంపికైన ఫొటోలు పెట్టుకోవడానికి క్లౌడ్ మంచిదే. ఫుటేజీ మొత్తానికి మాత్రం రెండో హార్డ్‌డిస్కే దిక్కు.

3-2-1 పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రో మనలాంటి ఫొటోగ్రాఫరే, అమెరికాలో. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. మన స్టూడియోల్లో దీన్ని ఇలా పాటించవచ్చు: ఎడిటింగ్ డిస్కులో ఒకటి, బ్యాకప్ డిస్కులో ఒకటి, ఆ రెండూ సరిచూసేదాకా కార్డులే మూడోది. బ్యాకప్ పూర్తయ్యాక ఆ డిస్కును ఇంటికి తీసుకెళ్లండి. దీనికోసం రెండు మూడు కార్డులు ఎక్కువ కొనాల్సి వస్తుంది, కొనండి. డ్యూయల్ స్లాట్ కెమెరా ఉంటే రెండు కార్డుల్లోనూ ఒకేసారి రికార్డు పెట్టండి.

సీజన్‌లో ఒక్క నియమం పెట్టుకోండి. స్టూడియోలో లేని మనిషి ఫోన్‌లో డిలీట్‌కు ఒప్పుకోకూడదు. ఎవరైనా సరే రెండు డిస్కుల్లో ఆ ఫోల్డర్ తెరిచి, ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చి, ముహూర్తం క్లిప్ ఒకటి, అప్పగింతల క్లిప్ ఒకటి ప్లే చేసి చూశాకే తీయాలి. చోటు లేకపోతే కొత్త డిస్కు తెచ్చేదాకా డంప్ ఆపండి, కార్డులు పక్కన పెట్టండి. వానాకాలం కాబట్టి కాపీ అవుతుండగా కరెంటు పోతే ఫైల్ సగంలో తెగుతుంది. పేరు కనిపిస్తుంది, క్లిప్ తెరుచుకోదు. కంప్యూటర్‌తో పాటు సొంత అడాప్టర్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కును కూడా యూపీఎస్‌కే తగిలించండి.

ఈ వారం కుదిరితే పోయిన సీజన్ పెళ్లి ఒకటి తీసుకుని, బ్యాకప్ డిస్కు నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరవండి. తెరుచుకుంటే డిస్కు మీద మార్కర్‌తో నంబరు, తేదీ, మిగిలిన చోటు రాసి బీరువాలో పెట్టండి. తెరుచుకోకపోతే సరిచేసుకోవడానికి ఇంకా రోజులున్నాయి.