ఉగాది రోజు చంద్రగిరి: పచ్చడి, పులిహోర మూట, ఎండ లెక్క

ఉగాది పూట ఇంటిల్లిపాదీ బయటికి పోవాలంటే ముందు చూసుకోవాల్సింది ఎండ. తిథిని బట్టి వచ్చే పండగ కాబట్టి 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఈ మూడు వారాల తేడా చిన్నది కాదు. మార్చి మధ్యలో వస్తే చాలా వేపచెట్లకు ఇంకా మొగ్గలే ఉంటాయి. ఏప్రిల్లో వస్తే పువ్వుకు కొదవ ఉండదు గానీ, పదకొండు దాటితే రాతి మీద కాలు పెట్టలేం. అందుకే పొద్దున ఇంట్లో పచ్చడి, ఏడున్నరకల్లా తిరుపతి దగ్గరి చంద్రగిరి కోటకు ప్రయాణం, మధ్యాహ్నం నీడపట్టున భోజనం, పొద్దుగూకేలోపు ఇంటికి. తిరుపతిలో ఈ వరస తప్పితే పండగ కాస్తా ఎండదెబ్బ అవుతుంది. కింద చెప్పే కొలతలన్నీ పది మందికి.

పచ్చడి

రోడ్డు పక్కన అమ్మే వేపకొమ్మలు ముందురోజు విరిచినవి. వీలుంటే తెల్లవారగానే చెట్టు కింద తడిపి పిండిన పాత పంచె పరిచి కొమ్మ మెల్లగా దులపండి. విచ్చిన పువ్వు మాత్రమే రాలుతుంది, మొగ్గ రాలదు. బండ్లు తిరిగే రోడ్డు మీది చెట్టు వద్దు, దుమ్ము ఎంత కడిగినా పోదు. రాలిన పువ్వును రెండు అరచేతుల మధ్య వేసి ఒత్తకుండా రుద్ది చేటలో చెరిగితే పచ్చటి కాడలు ఒకవైపు, తెల్లటి రేకులు ఒకవైపు అవుతాయి. రేకులు రెండు పెద్ద చెంచాలు చాలు.

కొత్త చింతపండు 75 గ్రాములు ముప్పావు లీటరు నీళ్ళలో అరగంట నానబెట్టి పిసికి వడగట్టండి. మాఘ ఫాల్గుణాల్లో కొట్టిన కొత్త పండు లేత రంగులో ఉంటుంది, పులుపు పదునుగా ఉంటుంది. పాతది నల్లబడి పచ్చడి రంగే మార్చేస్తుంది. 250 గ్రాముల బెల్లం తరిగి అందులో కరిగించి మళ్ళీ ఒకసారి వడగట్టాలి, లేకపోతే ఇసుక పళ్ళకిందికి వస్తుంది. ఒక పుల్లటి మామిడికాయ తొక్కతో సన్నగా తరిగి వేయండి. రెండు పచ్చిమిర్చి, అర చెంచా ఉప్పు. మన వైపు చాలా ఇళ్ళలో అరటిపండు ముక్కలు, పుట్నాల పప్పు కూడా వేస్తారు. పిల్లలు గ్లాసు ఖాళీ చేసేది వాటి వల్లే.

వేపపువ్వు అన్నిటికన్నా చివర, దేవుడికి నైవేద్యం పెట్టే ముందు వేయాలి. పువ్వు వేసి గంట గడిస్తే చేదంతా పులుసులోకి దిగిపోతుంది, ఇక ఏ రుచీ విడిగా తెలియదు. ఆరు రుచులూ ఒకదాని తరవాత ఒకటి నాలుకకు తగలాలన్నదే ఈ పచ్చడి అందం. ఆలస్యంగా వచ్చే చుట్టాల కోసం పువ్వు వేయని పులుసు కొంచెం పక్కన పెట్టుకోండి.

మూట కట్టేవి

ఓళిగలు (బొబ్బట్లు) ముందురోజే చేసుకోండి. అర కిలో శనగపప్పు, అర కిలో బెల్లం. పప్పు వేళ్ళతో నొక్కితే చితకాలి గానీ గుజ్జు కాకూడదు. నీళ్ళు పూర్తిగా వార్చాకే బెల్లంతో కలిపి, పొయ్యి మీద గరిటె నిలబడేదాకా దగ్గరకు రానివ్వాలి. పూర్ణం జారుగా ఉంటే తట్టేటప్పుడు పిండి చిరుగుతుంది, మరుసటి రోజుకు పులిసిన వాసనా వస్తుంది. కాల్చినవి వేడి మీద ఒకదానిపై ఒకటి పేర్చొద్దు. గుడ్డ మీద విడివిడిగా ఆరబెట్టి ఆ తరవాతే డబ్బాలో పెట్టండి.

పులిహోరకు కిలో పాత బియ్యం, 150 గ్రాముల చింతపండు, 150 మిల్లీలీటర్ల నువ్వుల నూనె. అన్నం పలుకుగా వండి వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపు, పచ్చి కరివేపాకు, రెండు చెంచాల నూనె చల్లండి. ఇంకో పక్క నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, గుప్పెడు చెనక్కాయ విత్తనాలు, పన్నెండు ఎండుమిర్చి, ఇంగువ వేయించి తిరగమాత పక్కకు తీసి, మిగిలిన నూనెలో చిక్కటి పులుసు పోయండి. ఉప్పు ఇక్కడే వేయాలి. పులుసు మొదట గలగలా ఉడుకుతుంది, తరవాత మెల్లగా బుడగలు పెద్దవై గిన్నె అంచుల్లో నూనె తేలుతుంది. అప్పుడు దించండి. నూనె తేలకముందే దించితే పచ్చివాసన పోదు, నీటి తడి మిగిలి మధ్యాహ్నానికి పాడవుతుంది. అన్నం, పులుసు రెండూ ఆరాకే, తీసి పెట్టిన తిరగమాతతో కలపాలి. వేడిగా కలిపి డబ్బా మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా అన్నం మీదే పడుతుంది. పులిహోర చెడిపోవడానికి పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం అదే.

పెరుగన్నం విషయంలో చాలామంది చేసే పొరపాటు పొద్దున పెరుగు కలిపేయడం. ఆ ఎండకు ఒంటిగంటకల్లా నోట్లో పెట్టలేనంత పులుస్తుంది. అర కిలో బియ్యం మెత్తగా వండి, ఆరాక కాచి చల్లార్చిన పాలు లీటరు పోసి, తోడుకు రెండు చెంచాల పెరుగు మాత్రమే కలపండి. దారిలోనే తోడుకుని, భోజనాల వేళకు కమ్మగా ఉంటుంది. ఉప్పు వడ్డించేటప్పుడు చల్లుకోవచ్చు.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు లెక్క వేసుకోండి. పలచటి మజ్జిగ అదనం.

దారి, కోట

తిరుపతి నుంచి శ్రీనివాసమంగాపురం 12 కిలోమీటర్లు. కల్యాణ వేంకటేశ్వరుడి దర్శనం చేసుకుని అక్కడి నుంచి చంద్రగిరికి పోవచ్చు. పండగ రోజు గుళ్ళో జనం ఉంటారు కాబట్టి, పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే ముందు గుడి, తరవాతే కోట.

చంద్రగిరి యాదవరాయల కాలం నాటి కోట. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. ఎండ ముదరకముందే బయటి గోడలు, రాణీ మహల్ వైపు నడిచేయండి. రాజమహల్ మూడంతస్తులది, కట్టడంలో కొయ్య వాడలేదంటారు. దాని మందపాటి గోడల మధ్య మ్యూజియం ఉంది, లోపల చల్లగా ఉంటుంది కాబట్టి పదకొండు తరవాతి వేళ దానికి ఉంచుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. పండగ శుక్రవారం పడితే పిల్లలకు ముందే చెప్పి తీసుకుపోండి. గుట్ట పైకి ఎక్కే పని మాత్రం ఆ రోజు పెట్టుకోవద్దు, దిగేటప్పటికి బండలు కాలుతుంటాయి.

మూట విప్పడానికి కోట పచ్చిక చోటు కాదు, అది పురావస్తు శాఖ కాపాడుతున్న స్థలం. తెలిసినవాళ్ళ మామిడితోట ఉంటే ముందే అడిగి పెట్టుకోండి. ఈ కాలంలో పూతకు, పిందెకు మందు కొడుతుంటారు. ఎప్పుడు కొట్టారో అడగండి, ఈ వారంలోనే అయితే ఇంకో చెట్టు నీడ వెతుక్కోండి. చేతికందుతున్నాయని పిందెలు తెంపనివ్వొద్దు. తోట రైతుకు ఏడాది ఆదాయం అదే, పైగా మందు ఉన్న కాయ పిల్లల కడుపులోకి పోతుంది.

కోతులకు ప్లాస్టిక్ కవరు చప్పుడు వినిపిస్తే చాలు. అన్నం స్టీలు డబ్బాల్లో, డబ్బాలు గుడ్డసంచిలో పెట్టండి. వడ్డన అంతా ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా తీయండి. విస్తరాకులు అయితే తిన్నాక మూటకట్టి తెచ్చుకోవడం తేలిక.

తలకోన అడిగేవాళ్ళకు

ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తలకోన పోదామంటారు. 270 అడుగుల జలపాతమే గానీ, వానలు తగ్గిన చాలా నెలల తరవాత నీటిధార సన్నబడి ఉంటుంది. వాన కాలం చివర చూసిన కళ్ళకు అది చిన్నబుచ్చుతుంది. పైగా బాకరాపేట ఘాట్ మలుపులు, పండగ నిద్రమత్తులో ఉన్న డ్రైవరు, ఈ రెండూ కలవకూడదు. ఉగాది దాటాక ఏదో ఆదివారం అడవి నీడ కోసం, సిద్ధేశ్వరస్వామి దర్శనం కోసం పోండి. చీకటి పడకముందే ఘాట్ దిగేలా బయల్దేరండి.

చంద్రగిరి నుంచి నాలుగింటికి బయల్దేరితే స్నానం చేసి, దగ్గర్లోని గుళ్ళో పంచాంగ శ్రవణానికి కూర్చోవచ్చు. మిగిలిన ఓళిగలను రాత్రి పెనం మీద చుక్క నెయ్యితో రెండు వైపులా వేడి చేసి, గోరువెచ్చటి పాలతో పెట్టండి.